ముసలోడి మూలుగు

పొద్దున్నే ఎవరో వీధి తలుపు తట్టారు.

వెనకగదిలో జడ వేసుకుంటున్న ఉడత చెయ్యి ఆగిపోయింది. ఆ ఇంటికి వచ్చేవాళ్ళలో తలుపు తట్టే అలవాటు ఎవరికీ లేదు. పక్కింటామె కిటికీలోంచి పిలుస్తుంది. ఇల్లు అమ్మిపెడతానన్న గొడుగాయన మెట్ల కిందే నిలబడి దగ్గుతాడు.

"ఎవరో చూడవే," అంది ముందుగదిలోంచి అమ్మ.

అమ్మ రెండు చేతులూ ఖాళీగా లేవు. లాడ్జి దుప్పటి ఒకటి కిటికీకి అడ్డంగా ఎత్తిపట్టుకుని, వెలుతురులో చిల్లులు వెతుకుతోంది. లాడ్జిలో చిరిగిన దుప్పట్లు ఇంటికి తెచ్చి రఫ్ఫు చేసి ఇవ్వడం ఆమె పని. సిగరెట్టు కాల్చిన చిల్లు కనబడితే అక్కడొక ఎర్రదారం ముడి వేసి గుర్తు పెట్టుకుంటుంది.

ఉడత సగం వేసిన జడతోనే వెళ్ళి, పిడిని రెండు చేతులా పట్టుకుని, తలుపును కొంచెం పైకెత్తి లాగింది. నేలను ఒరుసుకుంటూ తలుపు తెరుచుకుంది. బయట నాన్న. భుజాన పనిముట్ల సంచి, చేతిలో రంగు డబ్బా.

"తట్టావేంటి నాన్నా?"

"తట్టకుండా ఎలా వస్తానే," అన్నాడు నాన్న, గడప ఇవతలికి కాలు పెట్టకుండానే.

అమ్మ దుప్పటి దించలేదు. దాని వెనకనుంచే, "లోపలికి రమ్మని చెప్పు మీ నాన్నని. అక్కడే నిలబడితే పని ఎవరు చేస్తారు?" అంది.

"అమ్మ లోపలికి రమ్మంటోంది."

"వినబడిందిలే," అన్నాడు నాన్న.

కోర్టులో విడాకుల కాగితాలు వేసినప్పటి నుంచీ వాళ్ళ మాటలన్నీ ఇలాగే నడుస్తున్నాయి. పక్కపక్కన నిలబడినా సరే, మాట ఉడత మీదుగా వెళ్ళి రావాలి. ఇల్లు ఇద్దరి పేరా ఉంది. ఒకరి వాటా ఒకరు కొనే స్తోమత ఎవరికీ లేదు కనుక, అమ్మేసి చెరిసగం తీసుకోవడమని తేల్చుకున్నారు. నాన్న అప్పటికే వడ్రంగి షెడ్డు వెనకనున్న గదిలో ఉంటున్నాడు. ఇల్లు అమ్ముడవగానే అమ్మా ఉడతా లాడ్జి వీధిలో మేడమీద గదికి మారతారు.

ఉడత అసలు పేరు బడిలో హాజరు వేసేటప్పుడు తప్ప ఎక్కడా వినిపించదు. నోట్లో నాలుక లేని పిల్ల అని టీచరు కూడా అంటుంది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే గోడవారకు జరిగిపోయి వినడం అలవాటు. చిన్నప్పుడు అలా జరగడం చూసే నాన్న ఆ పేరు పెట్టాడు.

తలుపుకు పేరు పెట్టిందీ నాన్నే. ఆ ఇంట్లో దాన్ని ముసలోడు అంటారు. తెరిచినప్పుడల్లా మూలుగుతుంది కాబట్టి ముసలోడు. ఒరుసుకుని ఒరుసుకుని దాని కింద నేలమీద అరచందమామలాంటి గీత పడింది. నాన్న ఊరందరి తలుపులూ బాగుచేసేవాడు. సొంత తలుపు సంగతి ఎత్తితే మాత్రం, "ముసలోడికి ఆపరేషను రేపు," అనేవాడు. మొదట్లో అమ్మ నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. ఆ తర్వాత అడగడం మానేసింది.

అయితే ఉడతకు ముసలోడంటే ఇష్టం. వెనకగదిలో కళ్ళు మూసుకుని పడుకున్నా వచ్చిందెవరో మూలుగే చెప్పేస్తుంది. నాన్న కాలి బొటనవేలు కిందికి దూర్చి ఎత్తి ఒక్క తోపు తోస్తాడు. గుర్రుమని చిన్న చప్పుడు, అంతే. అమ్మ రెండు చంకల్లో దుప్పట్ల మూటలతో వచ్చి నడుంతో ఢీకొడుతుంది. ముందు దబ్బుమని, తర్వాత పొడుగ్గా కీచుమని. వచ్చింది ఎవరో తెలిశాక లేచి ముఖం కడుక్కోవాలా, ఇంకాసేపు నిద్ర నటించాలా అన్నది తేలేది.

ఇప్పుడు ముసలోడి మీదికే వచ్చింది. కిందటి వారం కళ్ళజోడాయన, వాళ్ళమ్మ ఇల్లు చూడడానికి వచ్చారు. కళ్ళజోడాయనకు కిటికీలు నచ్చాయి, పెరటి గోడ నచ్చింది. వాళ్ళమ్మ మాత్రం వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర ఆగిపోయింది.

"ఇల్లు బాగానే ఉంది నాయనా. ఈ తలుపు తీయడానికి మాత్రం ఒక వస్తాదుని జీతానికి పెట్టుకోవాలి," అంది.

గొడుగాయన ఆమె ఎదుట నవ్వి, ఆమె వెళ్ళాక అమ్మతో అన్నాడు. "తలుపు బాగుచేయించండమ్మా. శనివారం మళ్ళీ వస్తారు. అన్నీ సరిగ్గా ఉంటే అక్కడే మాట ఖాయం చేసుకుంటారు."

అందుకే నాన్న వచ్చాడు.

మొదటిరోజు ఆయన తలుపు జోలికే పోలేదు. వంటింటి కుళాయి కారడం ఆపాడు. అలమర తలుపుకు కొత్త గొళ్ళెం వేశాడు. గట్టిగా మూస్తే తప్ప పడని పెరటి కిటికీని చిత్రిక పట్టాడు. ఉడత ఆయన వెనకే తిరుగుతూ చెక్క పొరలు ఏరి గంపలో వేసింది. నాన్న మేకు నోట్లో పెట్టుకుని పనిచేస్తుంటే మాట్లాడకూడదని ఆమెకు తెలుసు. మేకు తీశాక అడగాలి.

"ఇవన్నీ ఇదివరకే చేసుంటే?" అని అడిగింది, మేకు తీశాక.

నాన్న సుత్తి తిప్పి చూసుకున్నాడు. "ఇదివరకు టైము ఉండేది కాదు."

"ఇప్పుడుందా?"

"ఇప్పుడు ఉంది," అన్నాడు నాన్న, మరో మేకు నోట్లో పెట్టుకుంటూ.

ముందుగదిలో అమ్మ సూది ఆగింది. మళ్ళీ నడిచింది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ లాడ్జికి వెళ్ళింది. నాన్న టీ పెట్టమన్నాడు. ఉడత గ్లాసు తెచ్చి కిటికీలో పెట్టేసరికి ఆయన తలుపు బార్లా తీసి, పైన ఉన్న మడతబందు స్క్రూలు ఊడదీస్తున్నాడు. స్క్రూలు పట్టే కన్నాలు వదులైపోయి వేలు పట్టేంత అయ్యాయి. అగ్గిపుల్లల తలలు గిల్లి, పుల్లల్ని జిగురులో ముంచి కన్నాల్లో కుక్కాడు. పైకి పొడుచుకొచ్చిన ముక్కల్ని ఉలితో కోసేశాడు. వాటిలోకి కొత్త స్క్రూలు, పాతవాటికంటే కొంచెం పొడుగువి, అరచేతి బలమంతా పెట్టి తిప్పాడు. స్క్రూడ్రైవరు ఒక్కసారి కూడా గాడి తప్పలేదు. తర్వాత తలుపును ఒక్క వేలితో నెట్టాడు.

అది కదిలి, మూసుకుంది. చప్పుడు లేదు.

"కింద చిత్రిక పట్టవా?" అంది ఉడత.

"కింద ఏమీ లేదు. పైన పట్టు వదిలింది, అందుకే కిందికి జారింది." నాన్న టీ గ్లాసు అందుకున్నాడు. టీ ఇంకా వేడిగానే ఉంది.

అప్పుడే బయట మెట్ల మీద అమ్మ అడుగులు వినిపించాయి. ఏదో చెప్పాలని ఉడత నోరు తెరిచింది. అమ్మ ఎప్పటిలాగే, రెండు చంకల్లో మూటలతో, నడుం తిప్పి ఉన్న బలమంతా పెట్టి తలుపును ఢీకొట్టింది.

తలుపు గాలికి ఎగిరినట్టు తెరుచుకుంది. అమ్మ గదిలోకి దూసుకొచ్చి, బల్లను రాసుకుంటూ వెళ్ళి, తన మూటల మీద తానే బోర్లా పడింది. ఒక మూట విడిపోయి దుప్పట్లు గదంతా పరుచుకున్నాయి.

"చెప్పాలి కదండీ," అంది అమ్మ, దుప్పట్లలోంచి.

"బండి ఆపుకుంటావనుకున్నా," అన్నాడు నాన్న.

అమ్మ లేవబోయింది. కాలు దుప్పట్లో చిక్కుకుని మళ్ళీ కూర్చుండిపోయింది. ముందు ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని ఉడత భయపడింది. అమ్మ నవ్వుతోంది. నాన్న గ్లాసు కిటికీలో పెట్టి, గోడకు ఆనుకుని, పొట్ట పట్టుకున్నాడు.

"ముసలోడు పోయాడా?" అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"పోలేదు. కుర్రాడయ్యాడు."

ఉడత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మాట తన మీదుగా వెళ్ళలేదు. నేరుగా వెళ్ళింది. పైగా అమ్మ 'కదండీ' అంది. ఆ 'అండీ' ఆ ఇంట్లో వినబడి చాలా కాలమైంది.

నాన్న చెయ్యి అందిస్తే అమ్మ పట్టుకోలేదు గానీ, బల్ల పట్టుకుని లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. వేలితో నెట్టింది. మళ్ళీ లాగింది. మళ్ళీ నెట్టింది.

"ఏం చేశారు?"

"పైన బందు బిగించా."

"అంతేనా?"

"అంతే."

"ఎంతసేపు పట్టింది?"

నాన్న స్క్రూడ్రైవరు సంచిలో పెట్టేశాడు. అమ్మ కిటికీలో ఆవిరి వస్తున్న గ్లాసు వైపు చూసింది. ముఖంలో మిగిలిన నవ్వు కొంచెం కొంచెంగా వెళ్ళిపోయింది. వంగి దుప్పట్లు ఏరి మూట కట్టడం మొదలుపెట్టింది.

"మీ నాన్నకి చెప్పు," అంది ఉడతతో, ముడి బిగిస్తూ, "టీ చల్లారిపోతుందని."

ఆ చివరి మాటను ఉడత చెవిన పెట్టలేదు. ఆ రోజంతా ఆమెకు ముందుది మాత్రమే వినబడుతూ ఉంది. చెప్పాలి కదండీ. అన్నం తింటూ దాన్ని తలుచుకుంది, గిన్నెలు తోముతూ తలుచుకుంది. ఇల్లు అమ్మడం ఆగిపోతే, వాళ్ళు ఇలాంటి నవ్వు ఇంకో రెండుమూడుసార్లు నవ్వితే, ఏమవుతుందో తనకే తెలియదు. ఏదో ఒకటి అవుతుంది.

మర్నాడు పొద్దున ఆమె వెనకగదిలో పుస్తకాలు కట్ట కడుతూ తలెత్తేసరికి గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు. పుస్తకాల కట్ట చేతిలోంచి జారింది.

"నేనేనే," అన్నాడు నాన్న.

"ఎప్పుడొచ్చావు?"

"ఇందాకే. ఆయిలు కూడా వేశాలే, అందుకే వినబడలేదు," అన్నాడు తన పనిని తానే మెచ్చుకుంటున్నట్టు.

ఆ రోజు ఆయన తలుపుకు ఆకుపచ్చ రంగు వేశాడు. మధ్యాహ్నం సంచి ముందుగది మూలలో వదిలేసి షెడ్డుకు వెళ్ళాడు. రేపు మళ్ళీ రావాలిగా, ఇక్కడే ఉండనీ అన్నాడు. ఆ మూల ఆ సంచిది. ఉడతకు ఊహ తెలిసినప్పటి నుంచీ అక్కడే ఉండేది. ఆమె దాని పక్కన కాసేపు కూర్చుంది. చెక్కపొడి వాసన, జిగురు వాసన, నాన్న చేతుల వాసన.

అమ్మ మూటలివ్వడానికి వెళ్ళింది. వీధి ఎండకు ఖాళీగా ఉంది.

ఉడత సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసింది. తలుపు బార్లా తెరిచి, ముక్కాలిపీట వేసుకుని ఎక్కింది. నాన్న తిప్పుతుంటే అంత తేలిగ్గా కనబడింది గానీ, స్క్రూ మొండికేసింది. స్క్రూడ్రైవరు గాడిలోంచి జారి పచ్చరంగు మీద తెల్లటి గీత పడింది. ఇంకోసారి జారింది. అరచేతి మధ్య చర్మం ఎర్రగా పొంగింది. పళ్ళు బిగపట్టి తిప్పింది. స్క్రూ కిర్రుమని కదిలాక మిగతావి తేలికయ్యాయి. పూర్తిగా ఊడదీయలేదు. వదులు చేసింది, అంతే.

పీట దిగి తలుపు మూసింది. అది కిందికి ఒరిగి, నేలమీద పాత గీతను వెతుక్కుని, మూలిగింది.

శనివారం పొద్దున ఉడత వెనకగదిలో చాపమీద కళ్ళు మూసుకుని పడుకుంది. ముందు నాన్న వచ్చాడు. గుర్రుమని చిన్న చప్పుడు. ఆయన ఆగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. కాలి బొటనవేలు తన పని తాను చేసుకుపోయింది. నేరుగా వంటింట్లోకి వెళ్ళి కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు. కాసేపటికి అమ్మ. దబ్బుమని, తర్వాత పొడుగ్గా కీచుమని. మూటలు నేలమీద వాలిన చప్పుడు. ఆమె కూడా ఏమీ అనలేదు.

ఇద్దరికీ తెలియనే తెలియలేదు. ఉడత ముఖం దిండులో దాచుకుంది. నవ్వు ఆగలేదు.

కాసేపటికి మెట్ల కింద గొడుగాయన దగ్గు వినబడింది.

"రండి రండి. తలుపు చూడండి, పెళ్ళికొడుకులా ఉంది," అంటున్నాడు.

తర్వాత ఒక తోపు. ఇంకో తోపు. "రావట్లేదండీ," అన్న కళ్ళజోడాయన గొంతు. మూడో తోపుకు తలుపు సగం తెరుచుకుని అక్కడే బిగుసుకుపోయింది. గొడుగాయన ముందు దూరాడు. వెనకే కళ్ళజోడాయన పక్కకు తిరిగి దూరాడు. చొక్కా భుజానికి పచ్చరంగు అంటింది. వాళ్ళమ్మ బయటే నిలబడింది.

"నన్ను ఇక్కడే వదిలేయి నాయనా. కిటికీలోంచి చూస్తాను," అంది.

ఉడత లేచి వచ్చి గుమ్మం పక్కన నిలబడేసరికి అమ్మ నాన్న వైపే చూస్తోంది.

"బాగుచేశానన్నారు."

"చేశాను."

"చేసింది ఇదా? రెండ్రోజులైనా నిలవలేదు. పైవాళ్ళ ఇళ్ళల్లో ఇలాగే చేస్తారా?" అమ్మ గొంతు పెరగలేదు. పెరగకపోవడమే ఉడతకు భయం వేసింది.

నాన్న తలుపు వెనక్కి వెళ్ళి తల పైకెత్తి చూశాడు. వదులైన స్క్రూలు చూశాడు. వాటి పక్కన రంగు మీద పడ్డ గీతల మీద వేలు పెట్టి రాశాడు. తర్వాత తల తిప్పి, ఉడత ముఖం కాదు, చేతులు చూశాడు. ఆమె అరచెయ్యి వెనక్కి దాచుకుంది.

"నా పొరపాటే," అన్నాడు నాన్న, కళ్ళజోడాయనతో. "స్క్రూ సరిగ్గా పట్టినట్టు లేదు. ఇప్పుడే చేసేస్తాను."

"ఎప్పుడూ అంతేలెండి," అంది అమ్మ. ఆ మాట గొడుగాయనతో అంది. కోపంగా కూడా అనలేదు. వాన పడుతోందని చెప్పినట్టు చెప్పింది. నాన్న మాటను ఆమె వెంటనే నమ్మింది. అనుమానమే రాలేదు. నాన్న కూడా, ఆ మాట తనమీద పడుతుందని ముందే తెలిసినవాడిలా, సంచి దగ్గరికి నడిచాడు.

ఉడత తలుపు వైపు చూసింది. మొన్న ఇద్దరూ ఇదే తలుపు దగ్గర నవ్వారు. ఇవాళ ఇదే తలుపు దగ్గర, ఇంత సులువుగా, ఒకరు తప్పు నెత్తిన వేసుకున్నారు, ఒకరు వేశారు. ఇందులో తాను పెట్టిందేమీ లేదు. ఇది ఎప్పటి నుంచో ఉంది. స్క్రూలు వదులు చేసినంత మాత్రాన తిరిగి వచ్చేది నవ్వు కాదు, ఇది.

"నేను ఊడదీశాను," అంది.

ఎవరూ వినలేదు. గోడను వదిలి ముందుకొచ్చి మళ్ళీ అంది. "నాన్న బాగానే చేశాడు. నేనే ఊడదీశాను. నిన్న."

గదిలో నలుగురు పెద్దవాళ్ళు ఆమె వైపు తిరిగారు. అమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి చూసింది. పొంగిన చర్మం చుట్టూ బొటనవేలితో రాసింది. ఎందుకని అడగలేదు. తలెత్తి నాన్న వైపు చూసింది.

తలుపు సందులోంచి పెద్దావిడ తల లోపలికొచ్చింది.

"దీనికేముంది. మా వాడు చిన్నప్పుడు ఇల్లు మారుతున్నామంటే తాళంచెవి మింగేశాడు. అది బయటికి వచ్చేదాకా ఇంటిల్లిపాదీ కాపలా కాశాం."

"అమ్మా," అన్నాడు కళ్ళజోడాయన.

"మింగలేదూ?"

గొడుగాయన గట్టిగా దగ్గాడు. నాన్న పెదవి కొంచెం వంకర తిరిగింది. సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, పిడివైపు ముందుకు పెట్టి ఉడతకు అందించాడు.

"రా. నువ్వే బిగించు."

"నాకు రాదు నాన్నా."

"ఊడదీయడం వచ్చిందిగా. ఇది అటునుంచి ఇటు."

ఆమె పీట ఎక్కింది. నాన్న ఎప్పటిలా బొటనవేలు తలుపు కిందికి దూర్చి పైకెత్తాడు. తలుపు ఊగుతుంటే అమ్మ వచ్చి అవతలి అంచు రెండు చేతులా పట్టుకుంది. చేతులకు పచ్చరంగు అంటుతున్నా వదల్లేదు.

"తొందరపడకు. ముందు గాడిలో కూర్చోబెట్టు. మణికట్టు కాదు, మోచెయ్యి తిప్పు."

"ఇంకొంచెం ఎత్తండి," అంది అమ్మ.

"ఎత్తా."

స్క్రూ తిరిగింది. ఉడత చూపు దాని మీదే పెట్టుకుంది. ఒకవైపు నాన్న ఊపిరి, ఇంకోవైపు అమ్మ ఊపిరి వినబడుతున్నాయి. ఎంత నెమ్మదిగా తిప్పినా స్క్రూ లోపలికి వెళ్తూనే ఉంది. చివరిది బిగుసుకున్నాక కూడా ఆమె ఇంకోసారి తిప్పబోయింది.

"చాలు," అన్నాడు నాన్న. "ఇంకా తిప్పితే చెక్క చీలుతుంది."

ఆయన కాలు తీశాడు. అమ్మ చేతులు తీసింది. తలుపు నిలబడింది. బయటి నుంచి పెద్దావిడ వేలితో నెడితే చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఆమె గడప దాటి లోపలికొచ్చి, ఇల్లంతా మరోసారి కలియజూసి, తలూపింది. ఆ తర్వాత మాటలు త్వరగానే అయిపోయాయి. సంతకాలు ఎప్పుడు, తాళాలు ఎప్పుడు. గొడుగాయన అందరితో చేతులు కలిపాడు. వాళ్ళను సాగనంపడానికి అమ్మా నాన్నా కూడా వీధిలోకి నడిచారు.

ఉడత వెనకగదిలోకి వెళ్ళి చాపమీద పడుకుని కళ్ళు మూసుకుంది. వీధిలో మాటలు కాసేపు వినబడ్డాయి. తర్వాత ఆగిపోయాయి. ఎవరో ఒకరు లోపలికి రావాలి. సంచి ముందుగదిలోనే ఉంది, నాన్న రావాలి. మూటలూ అక్కడే ఉన్నాయి, అమ్మ రావాలి.

గుర్రుమనలేదు. కీచుమనలేదు. ముఖానికి కొంచెం గాలి తగిలింది. మూసిన కళ్ళమీది వెలుతురు తగ్గింది. గుమ్మంలో ఎవరో నిలబడ్డారు.

ఉడత కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఒక్కరే ఉంటారు.